పేషెంటు మాటల్లో

శనివారం పొద్దున తేజేశ్వర్ కాఫీ కలిపి తెచ్చి చేతికిచ్చేసరికి ఉమామహేశ్వరికి భయం వేసింది. పెళ్ళయిన పద్నాలుగేళ్ళలో ఆయన కాఫీ కలపడం అదే మొదలు. డికాక్షన్ ఫ్రిజ్‌లో ఏ మూలన ఉంటుందో, పాలు ఏ గిన్నెలో కాస్తారో ఆయనకి తెలుసని ఆమె ఎప్పుడూ అనుకోలేదు. ఆమె కాఫీ ఎలా తాగుతుందో మాత్రం నిజంగానే తెలియదు. చక్కెర రెండు చెంచాలు వేశాడు, ఆమె చక్కెర మానేసి ఆరేళ్ళయింది. "ఇవాళ నువ్వు చదువుకో ఉమా, అమ్మాయిని డాన్స్ క్లాస్‌లో నేను డ్రాప్ చేస్తా" అన్నాడు. ఉతికిన బట్టల గుట్ట ముందు కూర్చున్న ఆమె చేతిలో ఆయన చొక్కా సగం మడతలో ఆగిపోయింది. అతి వినయం ధూర్త లక్షణం అని వాళ్ళ అమ్మమ్మ అంటూ ఉండేది. కట్టుకున్నవాడు ఒక గ్లాసు కాఫీ ఇస్తే అమ్మమ్మ సామెత గుర్తు రావడమేమిటని తనను తాను తిట్టుకుంది. తిట్టుకుంటూనే ఆయన ముఖం చూసింది. ఆయన నవ్వుతున్నాడు. ఆ నవ్వు ఆమెకి ఇంకా నచ్చలేదు.

ఉమ నర్సు. ఈ మాట అమెరికాలోని ఈ బెంటన్‌విల్ తెలుగువాళ్ళకి చాలాకాలం తెలియదు. తేజేశ్వర్ ఇక్కడి పెద్ద రిటైల్ కంపెనీకి కాంట్రాక్టర్‌గా పనిచేస్తాడు, ఆ ఊళ్ళో సగంమంది తెలుగువాళ్ళలాగే. కొత్తగా వచ్చిన ఏడాది ఎవరింట్లోనో పార్టీలో "మా వైఫ్ హెల్త్‌కేర్‌లో ఉంది" అని పరిచయం చేశాడు. తిరిగి వచ్చేటప్పుడు కార్‌లో చెప్పాడు, "నర్సు అని చెప్పకు, వేరేగా అనుకుంటారు." వేరేగా అంటే ఏమిటని ఆమె అడగలేదు. తెనాలి నుంచి ఫోన్‌లో అత్తగారు సుబ్బులు ఆ వేరేని విడమరిచి చెప్పేది. పరాయి మగాళ్ళకి బెడ్‌పాన్‌లు పెట్టే కోడలని మావాళ్ళకి ఎలా చెప్పుకోనమ్మా అనేది. చిత్రమేమిటంటే, దాచినా దాగలేదు. పిల్లవాడికి జ్వరమొస్తే, మామగారికి బీపీ పెరిగితే, అందరికీ ఉమ ఫోన్ నంబరు ఎలాగో దొరికేది. ఇండియా నుంచి సూట్‌కేసులో తెచ్చుకున్న మాత్రల షీట్లు ఫొటోలు తీసి వాట్సాప్‌లో పంపేవాళ్ళు. వెయ్యమంటారా, ఒకటా రెండా, తిన్నాకా తినకముందా. కూర పొయ్యి మీద ఉండగా ఆమె జవాబులు రాసేది. పార్టీల్లో మాత్రం వాళ్ళు ఆమెని "హెల్త్‌కేర్‌లో కదూ" అనే పలకరించేవాళ్ళు.

రెండేళ్ళ కిందట ఆమె పీజీలో చేరింది. డాక్టరు చదువు చదవని వాళ్ళకి మందులు రాసే అధికారమిచ్చే చదువు. పూర్తయి పరీక్ష గట్టెక్కితే నర్స్ ప్రాక్టీషనర్ అంటారు. తన గదిలో తనే పేషెంటుని చూసి, తన పేరు మీద మందు రాయవచ్చు. చేరిన నాడు తేజేశ్వర్ స్నేహితుల ముందు నవ్వించాడు, "సాంబారులో ఉప్పే సరిగ్గా పడదు, మందుల డోసు ఏం వేస్తుందో" అని. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది, అదే ఇప్పటికీ ఆమెకి మంట. అప్పట్నుంచి గిన్నెలు తోముతూ మందుల పేర్లు వల్లె వేసింది, వంటింటి అల్మారా తలుపుల మీద ఏ మందుకి ఏది పడదో చీటీలు అంటించింది. అతిథులు వచ్చే రోజున ఆయన ఆ చీటీలు పీకి సొరుగులో పడేసేవాడు. ఆమె మళ్ళీ అంటించేది. రెండేళ్ళ చదువంతా అలా పీకడం, అంటించడం మధ్యే గడిచింది.

అలాంటి మనిషి కాఫీ ఇచ్చాడు. అక్కడితో ఆగినా బాగుండేది. వారం తిరక్కుండా గిన్నెలు డిష్‌వాషర్‌లో సర్దాడు. చీటీల జోలికి పోలేదు. "వైట్ కోట్ వేసుకో, ఒక ఫొటో తీస్తా, నువ్వు ఎంత బాగుంటావో" అని పెరట్లో నిలబెట్టి పదిహేను ఫొటోలు తీశాడు. ఇంతకాలం ఆ కోటుని ఆయన ఆప్రాన్ అనేవాడు. అన్నిటికంటే ఆమెకి అంతు పట్టనిది ఒక ప్రశ్న. పరీక్ష బాగా రాస్తావా అని ఆయన అడగడు, అలసిపోయావా అని అడగడు. "పాసయ్యాక ప్రిస్క్రైబింగ్ నంబరు ఎన్నాళ్ళకొస్తుంది?" అని, మందులు రాయడానికి సర్కారు ఇచ్చే నంబరు గురించే అడుగుతాడు. మంగళవారం అడిగాడు, శుక్రవారం అడిగాడు, కూతురు అనిక హోంవర్క్ చూస్తూ ఒకసారి అడిగాడు.

అనుమానం పాడుది. ఒకసారి ఇంట్లో అడుగు పెట్టాక కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. ఉమకి నేర్పిన పద్ధతే అది కాబట్టి ఆమె లక్షణాలు ఒక్కొక్కటే పేర్చుకుని జబ్బు వెతికింది. ఇంకో ఆడమనిషా? ఉంటే ఫోన్ దాచేవాడు కానీ గిన్నెలు సర్దడు. ఉద్యోగం పోయిందా? రోజూ లాప్‌టాప్ బ్యాగ్‌తో వెళ్తూనే ఉన్నాడు. పోనీ నిజంగానే మారాడా? ఈ మూడో మాట దగ్గర ఆమెకి ఏడుపొచ్చింది. కాఫీ తాగి సంతోషించే హక్కు కూడా తనకి లేకుండా పోయిందే అనిపించింది. మారాడని నమ్మాలని ఆమెకి ఎంతో ఉంది. నమ్మబోతే ఆ నంబరు ప్రశ్న అడ్డొచ్చేది.

చదువులో చివరి నాలుగు నెలలు ఒక క్లినిక్‌లో పెద్ద ప్రాక్టీషనర్ చేతికింద పనిచేయాలి. ఉమకి దొరికింది నలభై నిమిషాల దూరంలో, కోళ్ళ ఫారాల మధ్య ఉన్న ఒక చిన్న క్లినిక్. అక్కడి డెబ్రాకి అరవై ఏళ్ళు, మాటలు తక్కువ, చూపు ఎక్కువ. మొదటివారంలో ఒక ముసలి రైతు తన భార్యని తీసుకొచ్చాడు. ఆమెకి ఆకలి లేదు, ఊరికే విసుక్కుంటోంది, మరిచిపోతోంది అని ఆయన వరుసగా చెప్పాడు, ఉమ వరుసగా రాసుకుంది. ఆమె ఒళ్ళో చేతులు పెట్టుకుని కిటికీ వైపు చూస్తూ కూర్చుంది. కేస్ షీట్‌లో మొట్టమొదటి గడి పేషెంటు బాధ. అది పేషెంటు మాటల్లోనే ఉండాలి. ఉమ రాసింది డెబ్రా చదివి, కాగితం వెనక్కి జరిపింది. "ఇవి ఎవరి మాటలు?" అంది. ఉమకి అర్థమైంది, చెవులు కాలాయి. డెబ్రా ఆ పెద్దాయనని బయట కాఫీ తాగమని పంపి, తలుపు వేసి, ఉమ చేతే మళ్ళీ అడిగించింది. ఆ ముసలావిడ, కొడుకు పోయి మూడు నెలలైందనీ, ఇంట్లో ఎవరూ వాడి పేరెత్తరనీ చెప్పింది. ఆకలి మాట ఆమె ఎత్తనే లేదు. తెలుగింట్లో పుట్టిన మనిషికి, మొగుడు చెబుతుంటే పెళ్ళాం బాధ రాసుకోవడం తప్పనే తట్టదు. మన దగ్గర ఓపీలో ఎప్పుడూ జరిగేది అదే. ఉమ ఆ రోజు ఇంటికి డ్రైవ్ చేస్తూ, తన బాధలు ఇన్నేళ్ళూ ఎవరు చెప్పారో గుర్తు తెచ్చుకోబోయి మానుకుంది.

పరీక్షకి మూడు వారాలుందనగా రఘు వాళ్ళింట్లో వాళ్ళబ్బాయి నీల్ పుట్టినరోజు. రఘు తేజేశ్వర్‌కి ఆఫీస్‌లో జతగాడు. ఆయన భార్య మనీష కరీంనగర్ అమ్మాయి, ఉమని అక్కా అని పిలుస్తుంది, ఎక్కువ నవ్వే మనిషి. ఆ రోజు నవ్వలేదు. బిర్యానీ వడ్డిస్తూ తను ఒక్క మెతుకు తినలేదు. ప్లేట్లు తీసే నెపంతో ఉమని గరాజ్‌లోకి లాక్కెళ్ళింది.

"అక్కా, ఇంజెక్షన్ ఎప్పుడు షురూ చేస్తున్నరు?" అని అడిగింది.

ఏ ఇంజెక్షన్ అని నోటిదాకా వచ్చింది. అనుమానంతో కాపురం చేసే మనిషి కదా, ఉమ మింగేసింది. "నీకెవరు చెప్పారు?" అని మాత్రం అంది.

"రఘు చెప్పిండు. సన్నబడే ఇంజెక్షన్ నువ్వే రాసి ఇస్తవంట గదా. నా వెయిట్ రాసి అన్నకి పంపిండంట. ఫస్ట్ బ్యాచ్‌ల నా పేరు ఉందంట." మనీష డీప్ ఫ్రీజర్ మీద చెయ్యి పెట్టి నిలబడింది. "నేను అంత లావున్ననా అక్కా?"

ఉమ ఆ పిల్ల భుజం మీద చెయ్యి వేసింది. లేవు అని చెప్పడం తేలిక. కానీ మనీష అడిగింది అది కాదు. హాల్లోంచి తేజేశ్వర్ నవ్వు వినిపిస్తోంది, ఎవరికో చెబుతున్నాడు, "మా ఉమ డాక్టరే అనుకోండి, అన్నీ తనే రాస్తుంది." పదకొండేళ్ళు హెల్త్‌కేర్‌లో దాక్కున్న నర్సు ఒక్క పార్టీలో డాక్టరైపోయింది. ఆ గరాజ్‌లో నిలబడి ఉమ తన చదువుని మొదటిసారి ఇంకొకళ్ళ చేతిలో వస్తువుగా చూసింది.

మర్నాడు ఆదివారం మధ్యాహ్నం ఆయన క్రికెట్‌కి వెళ్ళాడు. లాప్‌టాప్ డైనింగ్ టేబుల్ మీద ఉంది, పాస్‌వర్డ్ అనిక పుట్టినరోజు. దొంగతనమే, కాదనలేదు ఆమె. తెరిచేసరికి వెతకాల్సిన పనే లేకపోయింది. పైనే ఉంది వెబ్‌సైట్, ఇంకా బయటపెట్టలేదు. క్లినిక్ పేరు 'ఉమ వెల్‌నెస్'. వైట్ కోట్‌లో ఆమె ఫొటో, కింద డాక్టర్ ఉమ అని ఉంది. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, ఆమె పరీక్ష ఇంకా రాయనే లేదు. పక్కన కంపెనీ కాగితాలు, అంతా ఉమ పేరు మీద. సంతకం దగ్గర పసుపు రంగు గుర్తు. హెచ్‌వన్ వీసా మీద ఉన్నవాడు తన సొంత కంపెనీ నడుపుకోవడం కష్టం, పెళ్ళానికి పని అనుమతి కాగితం ఉంటే ఆ గొడవ లేదు. ఇక్కడి తెలుగువాళ్ళ వ్యాపారాలు సగం ఇలాగే పెళ్ళాల పేర్ల మీద నడుస్తాయి, ఆ పెళ్ళాల్లో సగంమందికి ఆ కంపెనీ ఏం చేస్తుందో తెలియదు.

ఆ తర్వాతి ట్యాబ్‌లో ఒక లిస్ట్. నలభై ఒక్క పేర్లు, అన్నీ ఆడవాళ్ళవి, అన్నీ ఉమకి తెలిసినవాళ్ళవి. పేరు, వయసు, బరువు, ఇతర జబ్బులు, సమస్య. నింపింది ఎవరో చెప్పక్కర్లేదు. 'డెలివరీ తర్వాత తగ్గలేదు.' 'కంట్రోల్ లేదు, స్వీట్స్.' 'బద్ధకం.' ఒకాయన 'పెళ్ళిలో యాభై రెండు ఉండేది' అని రాశాడు. మనీష వరుసలో ఇతర జబ్బులు దగ్గర 'ఏమీ లేవు' అని ఉంది. అక్కడ ఉమ ఆగిపోయింది. కిందటేడు మనీషకి పాంక్రియాస్ వాచి నాలుగు రోజులు హాస్పిటల్లో ఉంది. అందులో మూడు మధ్యాహ్నాలు పక్కన కూర్చున్నది ఉమ. రఘుకి అప్పుడు ఆఫీస్‌లో సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉంది, ఫోన్లో మాట్లాడేవాడు. అలాంటి మనిషికి ఆ ఇంజెక్షన్ రాయడానికి ఎవరైనా పదిసార్లు ఆలోచించాలి. రఘు దాచాడని ఆమె అనుకోలేదు. మరిచిపోయాడు. మరిచిపోవడమే ఆమెకి ఎక్కువ భయమేసింది.

లిస్ట్ పైకి వెళ్ళింది. మొదటి వరుసలో ఉన్నది ఎవరో ఇందాకే చూసింది కానీ చదవలేదు. ఉమామహేశ్వరి, నలభై, డెబ్భై నాలుగు కిలోలు. సమస్య: 'చిరాకు, ఎప్పుడూ అలసట, ఇంటి మీద ధ్యాస లేదు.'

తేజేశ్వర్ వచ్చేసరికి లాప్‌టాప్ తెరిచే ఉంది. మూయడానికి ఆమె ప్రయత్నించలేదు. ఆయన ఒక క్షణం తడబడి, వెంటనే సర్దుకుని, సర్‌ప్రైజ్ పాడు చేశావన్నాడు. కుర్చీ లాక్కుని ఉత్సాహంగా చెప్పాడు. ఊరంతా ఆ ఇంజెక్షన్ వెనకే పడ్డారట. ఆమె పైన పేరుకి ఉండటానికి వేరే రాష్ట్రంలో ఒక డాక్టరు ఒప్పుకున్నాడట. "నువ్వు ఎవర్నీ చూడనక్కర్లేదు ఉమా. ఫారం వాళ్ళాయన నింపుతాడు. నువ్వు అప్రూవ్ నొక్కితే చాలు."

"నా బరువు మీకెలా తెలుసు?" అంది ఉమ.

ఆయనకి ఆ ప్రశ్న అర్థం కాలేదు. వ్యాపారం గురించి అడుగుతుందనుకున్నాడు. బాత్రూంలో ఉన్న వెయింగ్ మెషీన్ తన ఫోన్‌కి కనెక్ట్ అయి ఉందనీ, యాప్‌లో వస్తుందనీ చెప్పాడు. ఊరికే శాంపిల్‌కి వేశాను, మొదటి కస్టమర్ ఇంట్లోంచే అయితే నమ్మకం కదా అన్నాడు. ఆమె లిస్ట్ మీంచి చూపు తిప్పకపోయేసరికి ఉత్సాహం జారిపోయి భయం బయటపడింది. మార్చిలో కాంట్రాక్ట్ అయిపోతుందట, పొడిగిస్తారో లేదో తెలియదట, ఎవరికీ చెప్పలేదట. ఆ నిమిషంలో ఆమెకి ఆయన మీద నిజంగా జాలేసింది. ముందే చెప్పి ఉంటే పక్కన కూర్చునేది, నైట్ షిఫ్ట్‌లు ఇంకో రెండు వేసుకునేది. ఆ జాలి నిలవకుండా ఆయనే చేశాడు.

"నీ నంబరు ఎక్కణ్ణించొస్తుంది? నా వీసా ఉంటేనే నీ ఉద్యోగం, నీ చదువు. అది మర్చిపోకు" అన్నాడు.

ఉమ లాప్‌టాప్ తన వైపు తిప్పుకుంది. మొదటి వరుసలో సమస్య అన్న గడిలో ఆయన రాసింది చెరిపింది. తర్వాత మనీషది చెరిపింది. తర్వాత ఒక్కొక్కటీ, నలభై ఒక్కటీ. ఆయన ఏం చేస్తున్నావని రెండుసార్లు అడిగాడు. "ఇవి ఎవరి మాటలు?" అని ఆమె అడిగింది. కాగితాల మీద సంతకం చేయనని ఆమె గట్టిగా అరిచి చెప్పలేదు. పసుపు గుర్తు ఉన్న కాగితాల ట్యాబ్ మూసేసి, ఉతికిన బట్టలు మడతపెట్టడానికి వెళ్ళింది. ఆయన చొక్కాలు మాత్రం గుట్టలోనే వదిలేసింది.

సోమవారం పొద్దున కాఫీ లేదు. ఉమ వంటింట్లో నిలబడి ఖాళీ స్టవ్ చూసి, నెల రోజుల తర్వాత మొదటిసారి గుండెనిండా ఊపిరి పీల్చుకుంది. ఆ కాఫీ దేనికో ఇంక కనుక్కోనక్కర్లేదు. చక్కెర లేకుండా తనకి ఒక గ్లాసు కలుపుకుంది. అత్తగారు తెనాలి నుంచి ఫోన్ చేసి, మొగుడికి కష్టమొస్తే పక్కన నిలబడని చదువు ఎందుకమ్మా అంది. మార్చి వచ్చింది, కాంట్రాక్ట్ ఇంకో ఏడాది పొడిగించారు. అసలు అది పోయేదేనా అని ఉమకి మళ్ళీ అనుమానమొచ్చింది. ఈసారి ఆ అనుమానానికి ఆమె సిగ్గుపడలేదు.

పరీక్ష పాసయింది. ఏప్రిల్ ఆఖర్లో నంబరు వచ్చింది. మెయిల్ చూసుకున్న రోజు ఆమె ఎవరికీ చెప్పలేదు, కార్‌లో కూర్చుని ఆ అంకెలు రెండుసార్లు పైకి చదువుకుంది. పదిహేను రోజులు పోయాక ఒక పొద్దున తేజేశ్వర్ డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుంటే, రెండు గ్లాసులు కాఫీ కలిపి ఒకటి ఆయన ముందు పెట్టింది. ఆయన గ్లాసు వంక చూశాడు, ఆమె వంక చూశాడు. గ్లాసు ముట్టుకోలేదు.

"ఏంటి విశేషం?" అన్నాడు అనుమానంగా.

"సంతకం పెట్టేశాను" అంది ఉమ.

ఆయన ముఖం వెలిగింది. కుర్చీలో ముందుకి జరిగాడు. "కాగితాలు నా దగ్గరే ఉన్నాయిగా, ఎక్కడ పెట్టావ్?"

"డెబ్రా క్లినిక్‌లో. రెండేళ్ళకి. అక్కడ తప్ప ఇంకెక్కడా నా పేరు మీద మందు రాయకూడదని అందులో ఒక లైన్ ఉంది." తన గ్లాసు కడిగి బోర్లించి, బ్యాగ్ భుజాన వేసుకుంది. "వాళ్ళు పెట్టలేదు. నేనే అడిగి రాయించుకున్నాను."

కోళ్ళ ఫారాల మధ్య నలభై నిమిషాలు డ్రైవ్ చేసుకుని వెళ్ళేసరికి తన గది తలుపు మీద పేరు అంటించి ఉంది. డాక్టర్ అని లేదు. పేరు పక్కన ఆమె నిజంగా ఏమిటో అదే ఉంది, నర్స్ ప్రాక్టీషనర్. కంప్యూటర్ తెరిచి ఆ రోజు లిస్ట్ చూసింది. తొమ్మిదింటికి మొదటి పేరు మనీష. ఈ సంగతి ఉమకి మనీష చెప్పలేదు, తనే క్లినిక్‌కి ఫోన్ చేసి అపాయింట్‌మెంట్ బుక్ చేసుకుంది. బాధ అన్న గడిలో రిసెప్షన్ అమ్మాయి మనీష చెప్పింది చెప్పినట్టు ఇంగ్లీషులో ఎక్కించింది. దాన్ని ఉమ మనీష యాసలో మనసులో చదువుకుంది.

'ఏడాదిగా నాకు నిద్ర పడతలేదు. నా బరువు సంగతి కాదు. నేనొక్కదాన్నే వస్తా.'